బోర్డు దగ్గర గంటసేపు

గోడాదరా, సూరత్
4 మే 2025

అన్నా,

భివండీలో కొత్త గది ఎలా ఉంది? చెవి మిషన్ పెట్టుకుంటున్నావా, డబ్బాలోనే దాచావా? మగ్గాల మోతలో ఇన్నేళ్లు నలిగిన చెవులకు ఫోన్ కంటే ఉత్తరమే నయమని నువ్వన్నప్పుడు నవ్వాను గానీ, ఇప్పుడు నాకూ ఈ రాత అలవాటైపోయింది. ఫోన్‌లో అరిస్తే వాడకట్టు మొత్తం వింటుంది, నువ్వు తప్ప.

వదిన కులాసా. ఎండకు పైకప్పు రేకులు పెనంలా కాలుతున్నాయి, మధ్యాహ్నం ఇంట్లో కూర్చోలేకపోతున్నాం. నీ బిడ్డ ప్రసన్న పన్నెండో తరగతి ఫలితాలు రేపో మాపో వస్తాయి. వేసు వైపు ఒక మంచి కాలేజీ చూసి పెట్టాను. నువ్వు సరేనంటే అక్కడే చేర్పిద్దాం.

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం ఏమిటో నీకు సగమే అర్థమైందని వదిన అంది, మళ్లీ చెబుతాను. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు సైన్సు చెప్పే లెక్చరర్లకు, ఎలా చెప్పాలో మేం నేర్పుతాం. పెద్ద చదువు చదివితే పాఠం చెప్పడం దానంతటదే వస్తుందని లోకం నమ్మకం, వయసొస్తే గడ్డం మొలిచినట్టు. అలా రాదు. ఈ నెల పన్నెండు నుంచి రెండు వారాలు ఉధ్నాలో ఒక హాల్లో శిక్షణ. నాతోపాటు వరప్రసాద్ అని వైజాగ్ అతను ఉంటాడు. శిక్షణకు వచ్చే లెక్చరర్ల పేర్లు నిన్న చెప్పారు. అందులో జరీవాలా సార్ ఉన్నాడు.

అవును, ఆయనే. నీ ఫిజిక్స్ జరీవాలా.

నేనప్పుడు ఏడో తరగతి. మున్సిపాలిటీ తెలుగు బడి నుంచి డిగ్రీ దాకా వెళ్లినవాడు మన గల్లీలో నువ్వొక్కడివే. అమ్మ నీ చొక్కా ఇస్త్రీ చేయించడానికి దుకాణానికి పంపేది. మొదటి వారంలోనే ఆయన ఏదో అడిగాడు, విసిరిన వస్తువును గాలిలో ముందుకు తోసేది ఏమిటని. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెకు దెబ్బ తగిలితే ఆ దెబ్బ బలం అవతలి అంచు చేరేదాకా నాడెలోనే ఉంటుంది కదా, అట్లనే అని నువ్వు సగం హిందీ, సగం తెలుగులో చెప్పావు. తప్పే, గాలిలో దాన్ని ముందుకు తోసే బలమేదీ ఉండదు. తప్పు చెబితే సరిదిద్దాలి. ఆయన నిన్ను బోర్డు దగ్గర గంటసేపు నిలబెట్టాడు. ఆ తరువాత రోజూ అదే. "బోలో మాస్టర్, తుమ్హారా లూమ్ క్యా బోల్తా హై?" అని నీ మగ్గం మాట ఎత్తి అడగడం, క్లాసు నవ్వడం. నెల తిరక్కుండానే నువ్వు నాన్న పక్కన మగ్గం ఎక్కావు. నీ కూలితో నేను ఎమ్మెస్సీ చదివాను.

ఆయన నా ముందు బెంచీలో కూర్చోబోతున్నాడన్నా! దేవుడు పళ్లెంలో పెట్టి ఇచ్చాడు. గంటకు గంట ఇస్తాను. చూస్తూ ఉండు.

నీ విజేత

*

భివండీ
9 మే 2025

చెల్లె విజేతకు అన్న దశరథం దీవెనలు.

గది బాగానే ఉంది. పక్కన ఉన్నవాళ్లు సిరిసిల్ల వాళ్లు, ఆదివారం మటన్ వండితే గిన్నె పంపుతారు. చెవి మిషన్ పెట్టుకుంటే మగ్గాల మోత ఇంకా పెద్దగా వినబడుతోంది. దాని కంటే చెవుడే సుఖం. ఇక్కడ చెడిపోయిన మగ్గాలు చాలానే ఉన్నాయి, దీపావళి దాకా పని ఉంటుంది.

వాడి పేరు చదివాక ఆ పూట బువ్వ సహించలేదు. మరిచిపోయాననుకున్నా. ఎక్కడ మరిచిన! ఆ బోర్డు మీది సుద్ద వాసన కూడా ముక్కుకు తగిలింది.

అయినా ఒక మాట చెబుతా, విను. వాడి జోలికి పోకు. పగ నాది. ఎట్ల తీర్చుకోవాలో నాకు తెలుసు, జూన్ దాకా ఓపిక పట్టు. నువ్వు నీ పని నువ్వు చెయ్యి. వాడికి పిల్లలకు చెప్పే విద్య నేర్పు. మంచిగ నేర్పు, ఏమీ దాచుకోకు.

ప్రసన్న కాలేజీ సంగతి నాకూ మీ వదినకూ వదిలెయ్యి.

దశరథం

*

గోడాదరా
15 మే 2025

అన్నా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లయినా ఆయనంటే నీకు భయమేనా? "వాడి జోలికి పోకు" అట! జూన్‌లో నువ్వేదో చేస్తావట. నువ్వు చేయవు. ఊరుకోబెట్టడానికి అంటున్నావు. చిన్నప్పుడు నాకు దెబ్బ తగిలినా ఇట్లాగే, రేపు వాణ్ని కొడతా అని చెప్పి మిఠాయి కొనిచ్చేవాడివి.

శిక్షణ మొదలైంది. మనిషి ముసలివాడయ్యాడు. జుట్టు తెల్లబడింది, మోకాళ్ల నొప్పులు. అందరి కంటే ముందే వచ్చి మొదటి బెంచీలో కూర్చుంటాడు. నన్ను సొంత చెల్లెలిని పిలిచినట్టు "బెన్, బెన్" అంటాడు. మొన్న ఇంటి దగ్గరి కొట్టు నుంచి వేడి వేడి లోచో తెచ్చాడు, పైన సేవ్, నూనె, ఉల్లిపాయలు వేయించి మరీ. తిన్నాను. రుచిగానే ఉంది. కోపం మనిషి మీద గానీ లోచో మీద ఎందుకు?

మా పద్ధతి ఇదీ. ఒక ప్రశ్న వేస్తాం. అందరూ ఒకేసారి రంగు కార్డు ఎత్తి జవాబు చూపాలి. ఎవరినీ పేరు పెట్టి పిలవం, నిలబెట్టం. తరువాత పక్కవాళ్లతో వాదించుకోమంటాం, మళ్లీ కార్డు ఎత్తమంటాం. మేం బెంచీల మధ్య తిరుగుతూ ఎవరు ఎందుకు తప్పుతున్నారో వింటాం. కొత్తవాళ్ల తప్పు పారేయాల్సిన చెత్త కాదు, పాఠం మొదలుపెట్టాల్సిన చోటు. రెండు వారాలూ చెప్పేది ఈ ఒక్క ముక్కే.

కావాలనే నీ ప్రశ్న వేశాను. బాటనీ వాళ్లు, కెమిస్ట్రీ వాళ్లు సగం మంది నీలాగే తప్పు కార్డు ఎత్తారు. ఆయన సరిగ్గానే ఎత్తాడు, ఎత్తి నవ్వాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. అప్పుడు చెప్పాను, ఏ దేశంలో అడిగినా కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కువమంది ఇదే తప్పు చేస్తారని, అది మొద్దుతనం కాదని, కళ్లతో చూసేదాన్నుంచి ఎవరికైనా ముందుగా తట్టేది అదేనని. ఆయన నవ్వు ఆగిపోయింది. టీ విరామంలో నా దగ్గరికొచ్చి, "బెన్, ఇన్నేళ్లు నేను వాళ్లను మొద్దులే అనుకున్నాను" అన్నాడు. అనుకుంటే సరిపోతుందా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అదీ కాలింది ఆయన చేతులు కూడా కాదు.

వచ్చే గురువారం ఒక ఆట ఉంది. గుజరాతీ మీడియం పిల్లవాడు ఇంగ్లీషు పాఠం ముందు ఎలా కూర్చుంటాడో లెక్చరర్లకు తెలియాలని, వాళ్లకు రాని భాషలో గంటసేపు ఫిజిక్స్ చెబుతాం. నేను తెలుగులో చెబుతాను. అందులోనూ ఎవరినీ విడిగా పిలవకూడదు. నేను పిలుస్తాను.

నీ విజేత

*

భివండీ
19 మే 2025

చెల్లె,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పని ఆపి రాస్తున్నా. గురువారం లోపల ఇది నీకు చేరాలి. చేరకపోతే ఏం చెయ్యాలో తెలుస్తలేదు. పక్క గది కుర్రవాడితో మెసేజీ పంపిద్దామంటే, ఇంటి గుట్టు వాళ్ల ముందు ఎట్ల చెప్పేది?

దాచింది చెబుతున్నా, కోపానికి రాకు. ప్రసన్న కాలేజీ ఫారం నింపేసింది. మొదటి కోరిక ఆ కాలేజీయే. జరీవాలా కాలేజీయే. నీకు తెలిస్తే పడనియ్యవని నేనే దాచమన్నా. మీ వదినకు తెలుసు. ప్రసన్నకు కాలేజీ పేరు తెలుసు, నా కథ తెలవదు.

నాకు భయం అన్నావు. ఆ మాట గుచ్చుకుంది. భయం కాదు. వాడు నన్ను ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. మరిచిపోవడమే నాకు కావాలె. గుజరాత్‌లో హాజరు పిలిస్తే ఇంటి పేరు, పేరు, తండ్రి పేరు వరసగా పిలుస్తారు గదా. కోడం ప్రసన్న దశరథం. రోజూ పొద్దున వాడి నోటితో నా పేరు పలుకుతాడు, నేనెవరినో తెలవకుండా. నా బిడ్డకు వాడే చెప్పాలె, వాడే మార్కులు వెయ్యాలె. మూడేళ్ల తరువాత అది ఫస్టున పాసైన రోజు నేను మిఠాయి డబ్బా పట్టుకుని వాడింటికి పోయి, "సార్, నేను మగ్గం మాస్టర్‌ని" అంటా. అప్పుడు వాడి ముఖం చూడాలె. దాని కోసమే బతుకుతున్నా అంటే నవ్వకు.

వాడు నీ దగ్గర చెప్పడం నేర్చుకుంటున్నాడని చదివి సంబరపడ్డా. వాడు ఎంత మంచిగ చెబితే నా పగ అంత మంచిగ తీరుతుంది. కాబట్టి వాణ్ని ముట్టుకోకు. నా పేరు అసలే ఎత్తకు. నీకు దండం పెడతా.

లోచో తిన్నందుకు ఏమనను. తిను. ఇంకో ప్లేటు అడుగు.

దశరథం

*

గోడాదరా
23 మే 2025

అన్నా,

అయిపోయింది! నీ నుంచి జవాబు రాలేదు. రాకపోయినా పరవాలేదు, ఇది చదివితే నీ కడుపు చల్లబడుతుంది.

నిన్న తెలుగులో పాఠం మొదలుపెట్టాను. మొదట అందరూ నవ్వులాటగా తీసుకున్నారు. పావుగంటకు ముఖాలు వాడిపోయాయి. ప్రశ్న కూడా తెలుగులోనే వేసి, "జరీవాలా సార్, జర ముందరికి రండి" అన్నాను. పేరు అర్థమై లేచాడు. సుద్దముక్క చేతికిచ్చి బోర్డు చూపించాను. నిలబడ్డాడు. మళ్లీ అడిగాను. "బెన్, సమజ్ న పడీ" అన్నాడు, అర్థం కాలేదట.

"ఏంది సార్, గింత అల్కటి ప్రశ్న, చిన్న పిలగాడు గూడ చెప్తడు! నోట్ల నాలిక లేదా?" అన్నాను. మాట తెలియకపోయినా నా గొంతు అందరికీ తెలిసింది. హాలు నవ్వింది. ఆయన కూడా నవ్వబోయాడు, నవ్వు కుదర్లేదు. కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాను. గంట పూర్తయ్యేదాకా నిలబెట్టానన్నా. రెండు మాటలకోసారి ఆయన వైపు తిరిగి, "చెప్పు మాస్టర్, నీ మగ్గం ఏమంటోంది?" అని అడిగాను. చివరికి ఎవరూ నవ్వడం లేదు. ఆయన మోకాలు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నాకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది.

గంట అయ్యాక హిందీలో చెప్పాను, మీరు ఇట్లాగే రోజూ నిలబెట్టిన కోడం దశరథం చెల్లెలిని నేను అని. ఆయన నన్ను చూసి, "కౌన్ దశరథ్?" అన్నాడు.

తెలియదట! నీ బతుకును మగ్గానికి కట్టేసి, పేరు కూడా తెలియదట. ఎంతమంది పిల్లలు వచ్చారు, వెళ్లారు, ఎవరని గుర్తుంటారు బెన్ అన్నాడు. అప్పుడు నా ఒళ్లు మండిపోయింది. బోర్డు మీద గుజరాతీ అక్షరాల్లో నీ పేరు పెద్దగా రాసి, చదవమన్నాను. చదివాడు. మళ్లీ చదవమన్నాను. అందరి ముందూ గట్టిగా చదివాడు. ఇక చచ్చేదాకా మరిచిపోడు.

తరువాత వరప్రసాద్ నన్ను వరండాలోకి పిలిచాడు. నేను తెలుగులో అన్నవన్నీ అర్థమైంది అతనొక్కడికే. "మేడమ్, ఆయన తప్పు చెబితే సరిదిద్దడానికి పిలిచారా, తప్పు చెప్పాలనే పిలిచారా?" అన్నాడు. నీ సొంత అన్న చదువు మాని మగ్గం ఎక్కితే అప్పుడు మాట్లాడు అన్నాను. ఎద్దు పుండు కాకికి ముద్దా?

మిఠాయి కొనుక్కుని తిను అన్నా, నా పేరు చెప్పుకుని.

నీ విజేత

*

భివండీ
28 మే 2025

విజేతకు,

నేను పందొమ్మిదిన రాసిన ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. చదువుకుని ఉంటావు. మళ్లీ రాయను.

మిఠాయి కొనుక్కోమన్నావు. నేను మూడేళ్ల తరువాత కొందామనుకున్న మిఠాయి అది. వాడు నన్ను మరిచిపోయాడు. నా ఆట మొత్తం దాని మీదే కట్టుకున్నా. నువ్వు బోర్డు మీద నా పేరు రాసి వాడితో వల్లె వేయించావు. నన్నడిగినవా? ఒక్క ముక్క అడిగినవా? నా పగను నువ్వు ఖర్చు పెట్టేశావు.

హాలు నవ్విందని సంబరంగా రాశావు. ఆ నవ్వు ఎట్లుంటదో నీకేం తెలుసు? నువ్వు విన్నది బోర్డు ఇవతలి నుంచి.

ప్రసన్నకు ఆ కాలేజీలో సీటు ఖాయమయ్యేటట్టుంది. వేరే కాలేజీకి మార్చమని మీ వదిన కబురు పంపింది, వెనక నువ్వున్నావని తెలుసు. మార్చను. ఆ కాలేజీ నుంచి ఒకసారి నేను పారిపోయినా. నా బిడ్డ పారిపోదు. వాడు దాన్ని నిలబెడతాడా? నిలబెట్టనీ. అది జవాబు చెబుతుంది. తెలుగు బడి నుంచి పోయిన దశరథం కాదది, గుజరాతీలో వాడి కంటే మంచిగ మాట్లాడుతది.

ఇక ఈ విషయం నాకు రాయకు.

దశరథం

*

గోడాదరా
6 జూలై 2025

అన్నా,

రాయొద్దన్నావు. నెల పైన మాట నిలబెట్టుకున్నాను. ఇప్పుడు రాయక తప్పదు. ఇది ప్రసన్న సంగతి.

నీ పందొమ్మిదో తారీకు ఉత్తరం నేను నాది పోస్టు చేసిన మరునాడు వచ్చింది. అది చదివాక నాకేమైందో రాయను. నువ్వన్నవన్నీ పడతాను.

కాలేజీ మొదలై రెండు వారాలు దాటింది. ప్రసన్నకు ఫిజిక్స్ జరీవాలా సారే చెబుతున్నాడు. ఆ గురువారం తరువాత శిక్షణకు రాడనుకున్నాను. వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని చివరి రోజు దాకా అంతా రాసుకున్నాడు. ఇప్పుడు ఆ కాలేజీలో ఆయన క్లాసంటే పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్తున్నారట. రంగు కార్డులు సొంత డబ్బుతో చేయించాడు. ఎవరినీ బోర్డు దగ్గరికి పిలవడు. తప్పు చెబితే, "శాబాష్, అలా ఎందుకు అనిపించింది?" అని అడుగుతాడు. మోకాళ్ల నొప్పితోనే ప్రతి బెంచీ దగ్గరా వంగి, పిల్లలు ఏం వాదించుకుంటున్నారో వింటాడు. నేను శిక్షణ ఇచ్చిన నలభై మందిలో ఇంత బాగా నేర్చుకున్నవాడు ఇంకొకడు లేడు.

ప్రసన్న బెంచీ దగ్గర మాత్రం ఆగడు.

మొదటి రోజు హాజరు పిలుస్తూ దాని పేరు దగ్గర ఆగిపోయాడట. మరునాటి నుంచి పేర్లు మానేసి నంబర్లే పిలుస్తున్నాడు. ఇది కార్డు ఎత్తితే చూపు పక్కకు తిప్పుకుంటాడు. లేచి సందేహం అడిగితే, "బహుత్ అచ్ఛా సవాల్ హై" అని, జవాబు పక్క వరసకు చెబుతాడు. తిట్టడు, నవ్వడు, ఒక్క మాట అనడు. ఆ బెంచీ దగ్గరికి సార్ రాడని తెలిసి, పక్కన కూర్చునే ఇద్దరమ్మాయిలు వేరే చోటికి వెళ్లిపోయారు. పక్కవాళ్లతో వాదించుకోండి అని ఆయన అనగానే క్లాసంతా గోలగోల. ఇది ఒక్కతే కార్డు పట్టుకుని కూర్చుంటుంది. "నాది తప్పో ఒప్పో కూడా తెలుస్తలేదత్తా. నేనేం జేసిన ఆయనకు?" అని మొన్న నన్ను పట్టుకుని అడిగింది. దానికి నీ కథా తెలియదు, నా కథా తెలియదు. వదిన నా ముఖం చూడకుండా రొట్టెలు చేసుకుంటూ కూర్చుంది.

నిన్న ఆయన దగ్గరికి వెళ్లాను. స్టాఫ్ రూములో ఒక్కడే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు, తుడిచి మరీ వేశాడు. "ఆయియే మేడమ్" అన్నాడు. బెన్ అనలేదు. చాయ్ తెప్పించాడు. ఆ గురువారం నేను చేసింది తప్పని చెప్పాను. మా అన్న పేరు చెప్పి తప్పు చేశానని, పిల్లకు ఏ పాపం తెలియదని చెప్పాను. చేతులు జోడించాను అన్నా. ఆయనకు.

అంతా విన్నాడు. కోపం లేదు. అరుపు లేదు. అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మేడమ్, మీ అన్న పేరు మీరు అందరి ముందూ నాతో చదివించారు. ఇప్పుడు నాకు బాగా గుర్తుంది. మీరు నిశ్చింతగా ఉండండి. మీ ఇంటి పిల్లను నా క్లాసులో ఎవరూ నిలబెట్టరు, ఎవరూ ఏమీ అడగరు. మూడేళ్లూ అంతే. ఇది నా మాట."

అని గుమ్మం దాకా వచ్చి నాకు నమస్కారం పెట్టాడు.

విజేత